రాత్రి పదకొండున్నరకి తెరుచుకునే తరగతి

(ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఆన్‌లైన్ కోర్సులకి పాఠాలు తయారుచేయబోయే అధ్యాపకుల శిక్షణ శిబిరంలో మొదటిరోజు ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

కూర్చోండి, కూర్చోండి. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు కూడా ముందుకి రండి, ముందు వరస ఖాళీగానే ఉంది. మన క్లాసుల్లోనూ అంతే కదా, ముందు బెంచీ ఎప్పుడూ ఖాళీయే.

నేను స్లైడ్లు తేలేదు. ఒక్క కాగితం తెచ్చాను, అదే చదువుతాను. నా దగ్గర ఆన్‌లైన్‌లో డిగ్రీ చదివిన ఒకావిడ లాగిన్ పట్టిక ఇది, ఒక వారానిది. పేరు కొట్టేశాను. ఆవిడ ఆస్పత్రిలో నర్సు, షిఫ్టుల ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. వినండి. సోమవారం రాత్రి 11.38 నుంచి 11.59 దాకా. మంగళవారం ఏమీ లేదు. బుధవారం పొద్దున 5.10 నుంచి 5.34. గురువారం మధ్యాహ్నం 1.20 నుంచి 1.31, అంటే భోజనం వేళ. శుక్రవారం లేదు. శనివారం రాత్రి 10.50 నుంచి 12.15. ఆదివారం మధ్యాహ్నం 3 నుంచి 3.40, మళ్లీ 3.52 నుంచి 4.05. మధ్యలో ఆ పన్నెండు నిమిషాలు ఏమైందో సిస్టమ్‌లో ఉండదు. పిల్లాడు నిద్ర లేచుంటాడు.

మొత్తం కూడితే 3 గంటల 14 నిమిషాలు. వారం మొత్తానికి.

ఆ వారం మేం పెట్టిన పాఠం ఎంతసేపో తెలుసా? ఒకే వీడియో, 52 నిమిషాలు. పాఠం నాదే. ఆవిడ దాన్ని నాలుగుసార్లు తెరిచింది. ఎక్కడ ఆపిందో మా సిస్టమ్ గుర్తుపెట్టుకునేది కాదు, ప్రతిసారీ మొదట్నుంచి మొదలయ్యేది. మొదటి ఆరు నిమిషాలూ నేనేం చెప్పానంటే, పోయిన పాఠంలో ఏం చెప్పానో చెప్పాను. పాపం ఆవిడ అది నాలుగుసార్లు విన్నది. నవ్వకండి, మీలో ఎంతమంది మొదటి ఆరు నిమిషాలు అలా ఉంటాయో నాకు తెలుసు.

ఈ కాగితం చూసిన రోజున నాకు సిగ్గేసింది. అప్పటిదాకా నేను అనుకున్నదేంటంటే, పాఠం బాగా చెప్తే చాలు, కెమెరా బాగుంటే ఇంకా మంచిది. ఉద్యోగం చేసేవాడికి మనం ఇస్తున్నది పాఠం అనుకున్నాను. పాఠాలకేం కరువండీ, ఫోన్ తీస్తే లక్ష పాఠాలు. వాళ్లకి లేనిది టైము, అది కూడా ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది, ఏ ముక్క ఎప్పుడు దొరుకుతుందో వాళ్లకే ముందు తెలీదు. ఆ ముక్కల్లో డిగ్రీ ఇమిడేలా విశ్వవిద్యాలయం తన పద్ధతులు మార్చుకుంటుందా లేదా? ఇవాళ నేను మాట్లాడేదంతా దీని గురించే.

ఇదేదో ఇంటర్నెట్‌తో వచ్చిన సమస్య అనుకోకండి. 1858లో లండన్ విశ్వవిద్యాలయం ఒక పని చేసింది. ఏ కాలేజీలో చదివావు అని అడక్కుండా, ఎక్కడ చదువుకున్నా సరే వచ్చి పరీక్ష రాయొచ్చు, పాసైతే డిగ్రీ ఇస్తాం అంది. అంటే పగలు పని చేసుకుని రాత్రి చదువుకునేవాడికి ఒక దారి తెరిచింది. పాఠం మాత్రం చెప్పలేదు, అది నీ పాట్లు. 1892లో అమెరికాలో పెన్ స్టేట్ అనే విశ్వవిద్యాలయం వాళ్లు రైతులకి పోస్టులో వ్యవసాయ పాఠాలు పంపడం మొదలుపెట్టారు. మేరీలాండ్ విశ్వవిద్యాలయం 1947లో పెద్దవయసు వాళ్ల కోసం ఒక విభాగం పెట్టి, రెండేళ్లకి, 1949లో జర్మనీలో ఉన్న సైనికుల దగ్గరికి పంతుళ్లనే పంపేసింది. దక్షిణాఫ్రికాలో యూనిసా అనే విశ్వవిద్యాలయం 1946 నుంచి పోస్టులో చెప్తోంది, నెల్సన్ మండేలా ఎల్‌ఎల్‌బీ పట్టా 1989లో అక్కడిదే, అప్పటికింకా జైల్లోనే ఉన్నాడాయన. ఆయన్ని ఉద్యోగస్తుడనలేం అనుకోండి, కానీ క్యాంపస్‌కి రాలేనివాడే కదా.

బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1969లో చార్టర్, అంటే స్థాపనకి అధికార పత్రం వచ్చింది, 1971 జనవరిలో చదువు మొదలైంది, మొదటి ఏడాదే ఇరవై వేలకి పైగా చేరారు. ముందు ఏం చదివావు అని అడగలేదు. బీబీసీలో పాఠాలు వేసేవాళ్లు, ఎప్పుడు? తెల్లవారుజామున, లేదా అర్ధరాత్రి దగ్గర. ఎందుకంటే మంచి వేళలు బీబీసీ ఇవ్వదు కదా, దాని ప్రోగ్రాములు దానికున్నాయి. కానీ చూడండి, ఆ వేళలే పనిచేసేవాడికి పనికొచ్చాయి, డ్యూటీకి వెళ్లేముందు ఒక అరగంట. అవి 2006 దాకా నడిచాయి. సైన్సు చదివేవాళ్లకి ఇంటికి డబ్బాలు పంపేవాళ్లు, అందులో ప్రయోగ సామాన్లు, చేతిలో పట్టేంత చిన్న మైక్రోస్కోపు. ల్యాబ్‌కి రాలేవా, అయితే ల్యాబే నీ వంటింటి బల్ల మీదకి వస్తుంది. అది టీవీ యుగం, పోస్టు యుగం, అయినా ఆ విశ్వవిద్యాలయం తన వేళలు మార్చుకుంది, తన సామాను ఇల్లు దాటించింది. మనం ఇవాళ ఫైబర్ నెట్ వేసుకుని కూడా పది నుంచి అయిదు దాకానే పనిచేస్తున్నాం!

మన దేశానికి వస్తే, మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో 1982లో వచ్చింది, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్నది. దాని మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రామ్ రెడ్డి గారే 1985లో ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు దానికీ మొదటి వైస్ ఛాన్సలర్. అప్పట్లో పెద్ద మాట ఏంటంటే, ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చు అనడం. అది మామూలు మాట కాదండి. బడి మధ్యలో మానేసి పనిలో పడ్డవాడికి, నువ్వు మళ్లీ పదో తరగతి దగ్గర్నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఇటునుంచి రా అని చెప్పడం.

సరే, ఇప్పుడు చిన్న లెక్క. మీలో లెక్కల వాళ్లున్నారు కదా, తప్పయితే ఆపండి. ఇగ్నో లాంటి చోట ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. చదవడం, వినడం, అసైన్‌మెంట్ రాయడం, అన్నీ కలిపి. నాలుగు క్రెడిట్ల పేపర్ అంటే 120 గంటలు. ఇందాకటి నర్సు గారికి వారానికి 3 గంటల 14 నిమిషాలు దొరికాయి. ఆ లెక్కన ఒక్క పేపర్‌కి ఎన్ని వారాలు? 37. ఒక్క పేపర్‌కి! మనం సెమిస్టర్‌కి అయిదు పేపర్లు ఇస్తాం. అయిదు పేపర్లంటే 600 గంటలు, ఇరవై వారాల్లో అంటే వారానికి 30 గంటలు. ఉద్యోగం చేస్తున్న మనిషికి ఇంకో ముప్పాతిక ఉద్యోగం ఇస్తున్నామన్నమాట. ఇచ్చి, మధ్యలో మానేస్తే, "వీళ్లకి సీరియస్‌నెస్ లేదండీ" అంటాం. నేనూ అన్నాను, స్టాఫ్ రూంలో చాలాసార్లు అన్నాను.

అందుకే నా మొదటి మాట. చేరేరోజున వాళ్లతో ఈ లెక్క వేయించండి. వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి, నిజంగా, పండగలూ జ్వరాలూ తీసేసి? ఎనిమిది గంటలైతే ఒక పేపర్ తీసుకో. రెండు తీసుకుంటే పదహారు గంటలు కావాలి, చూసుకో. అయిదు తీసుకుని మూడు తప్పడం కంటే ఒకటి తీసుకుని పాసవడం మంచిది కదా? ఒక్క పేపర్ పాసైన మనిషి రెండో పేపర్‌కి వస్తాడు. మొదటి సెమిస్టర్‌లోనే మూడు బ్యాక్‌లాగ్‌లు పడ్డ మనిషి మీ మెయిల్ కూడా తెరవడు. ఇంతకీ మీ విశ్వవిద్యాలయంలో ఒక్క పేపర్‌కి ఫీజు కట్టే పద్ధతి ఉందా, లేకపోతే ఏడాది మొత్తానికి ఒకేసారి కట్టాలా? ఇది కనుక్కోండి. ఫీజు పద్ధతి మారకుండా నేను చెప్పిన ఈ సలహా ఎందుకూ పనికిరాదు.

ఎవరు వస్తారు అనేదాంట్లో కూడా మనకి అపోహలున్నాయి. ఆన్‌లైన్ పెడితే క్యాంపస్ క్లాసులు ఖాళీ అయిపోతాయని ఒక టెన్షన్. జార్జియా టెక్ అని అమెరికాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం, 2014లో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టింది, అప్పట్లో చెప్పిన ఖర్చు ఏడు వేల డాలర్ల లోపు. క్యాంపస్ డిగ్రీ ఖర్చు ముందు అది ఏ మూలకీ రాదు. అందరూ ఇక క్యాంపస్ పని అయిపోయిందన్నారు. తర్వాత ఆర్థికవేత్తలు అప్లికేషన్లు తీసి చూస్తే, క్యాంపస్‌కి అప్లై చేసేవాళ్ల సగటు వయసు 24, ఆన్‌లైన్‌కి 34. పదేళ్ల తేడా! ఆ వయసువాళ్లు అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, ఇది రాకపోతే చాలామంది ఇంకెక్కడా చేరేవాళ్లే కాదు. అంటే వీళ్లు క్యాంపస్ నుంచి తీసుకెళ్లినవాళ్లు కాదండి. అసలు ఎవరి లెక్కలోనూ లేనివాళ్లు.

ఇప్పుడు నాకు బాగా కడుపు మండే విషయం చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు, ఆఫీసు వాళ్లు కూడా ఇక్కడున్నారు. నేను పనిచేసిన ఒక చోట, పేరు వద్దులెండి, కోర్సు మొత్తం ఆన్‌లైన్. పాఠం ఆన్‌లైన్, అసైన్‌మెంట్ ఆన్‌లైన్, ఫీజు ఆన్‌లైన్. ఒకతను కరెంటు లైన్‌మన్, స్తంభాలెక్కే పని. హాల్ టికెట్ వచ్చింది, పేరులో ఒక్క అక్షరం తప్పు. ఫోన్ చేస్తే కౌంటర్ దగ్గరికి రండి అన్నారు. కౌంటర్ ఎప్పుడు? పదకొండు నుంచి ఒంటిగంట. రోజు కూలి పోగొట్టుకుని, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడు. సంతకం పెట్టాల్సిన సారు మీటింగ్‌లో ఉన్నారు. రేపు రండి. రెండు రోజుల సెలవు, ఒక్క అక్షరానికి. నా దగ్గరికి వచ్చి ఏమన్నాడో తెలుసా? "సార్, పాఠాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి గానీ కాలేజీ ఆన్‌లైన్‌లో లేదు సార్." అంతకంటే నేనేం చెప్తాను?

మీ పాఠం ఎంత బాగుండనీ, బొనఫైడ్ సర్టిఫికెట్‌కి, మార్కుల జాబితాకి, పేరు తప్పుకి, ఫీజు రసీదుకి మనిషి రావాల్సి వస్తే అది ఆన్‌లైన్ విద్య కాదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఒక్క మనిషి ఫోన్ ఎత్తితే చాలు, వారానికి మూడు రోజులు చాలు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనే డబ్బుతో పోలిస్తే ఆ మనిషి జీతం ఏపాటిది? కానీ సాఫ్ట్‌వేర్‌కి ప్రారంభోత్సవం ఉంటుంది, ఫోన్ ఎత్తే మనిషికి రిబ్బన్ కట్ చేయరు.

సరే, ఇప్పుడు గడువుల సంగతి. ఇందులో నేను కూడా ఒకప్పుడు పొరపాటు పడ్డాను. ఉద్యోగస్తులు కదా, గడువే వద్దు, వాళ్లకి వీలైనప్పుడు చేసుకుంటారు అనుకున్నాను. మంచి మనసుతోనే. ఏమైందంటే, ఎవరూ చేయలేదు. గడువు లేని పని రేపటి పనే. ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. కాలిఫోర్నియా రాష్ట్రం పనిచేసే పెద్దవాళ్ల కోసమే ప్రత్యేకంగా కాల్‌బ్రైట్ అని ఒక ప్రభుత్వ ఆన్‌లైన్ కాలేజీ పెట్టింది, 2019లో మొదలైంది, ఫీజు లేదు, ఎవరి వేగం వాళ్లది. మొదటి రోజుల్లో చేరినవాళ్లలో పూర్తిచేసినవాళ్లు చాలా కొద్దిమంది. 2021లో రాష్ట్ర ఆడిటర్ గట్టిగానే తప్పుపట్టారు, విద్యార్థులకి అందాల్సిన అండ అందలేదని. ఉచితం, సౌకర్యం, స్వేచ్ఛ, మూడూ ఇచ్చినా నిలవలేదు. ఎందుకంటే వారం రోజులు కనపడకపోతే, ఏమైంది అని అడిగే మనిషి గట్టిగా లేడు.

మరి గడువు ఎలా పెట్టాలి? నాకు పనికొచ్చిన పద్ధతి ఏంటంటే, రోజు గడువు పెట్టొద్దు, పదిహేను రోజుల గడువు పెట్టండి, దాన్ని కదపకండి. పదిహేను రోజుల్లో ఒక ఆదివారమో, ఒక డ్యూటీ లేని రాత్రో ఎవరికైనా దొరుకుతుంది. దానిపైన ఏడాదికి రెండుసార్లు, కారణం చెప్పక్కర్లేకుండా, వారం వాయిదా హక్కుగా ఇవ్వండి. సెలవు చీటీ, డాక్టర్ సర్టిఫికెట్, ఏమీ అడగొద్దు. నలభై ఏళ్ల మనిషి, ఇంటిని నడుపుతున్న మనిషి, మా అమ్మకి ఆపరేషన్ సార్ అని ఎవరో పాతికేళ్ల అసిస్టెంట్‌ని బతిమాలుకోవాలా? ఆ బతిమాలడం ఇష్టంలేకే చాలామంది చెప్పకుండా మానేస్తారు. ఇది మాత్రం నేను కళ్లారా చూశాను.

ఇక జవాబు ఇవ్వడం. ఓపెన్ యూనివర్సిటీ బలం టీవీలో ఉందని అందరూ అనుకుంటారు, నన్నడిగితే దాని బలం అసైన్‌మెంట్ మీద ట్యూటర్ రాసే నాలుగు వాక్యాల్లో ఉంది. ఎక్కడో ఒంటరిగా, పిల్లలు పడుకున్నాక రాసిన జవాబుని ఒక మనిషి చదివాడు, చదివి "మూడో పేరాలో మీ వాదన బాగుంది, కానీ ఉదాహరణ దానికి ఎదురు తిరుగుతోంది" అని రాశాడు. ఆ వాక్యం కోసం మనిషి ఇంకో నెల చదువుతాడు. మనం ఏం రాస్తాం? "బాగుంది, 7/10." నలభై రోజుల తర్వాత. అప్పటికి ఆ పాఠం ఏంటో ఆ మనిషి మర్చిపోయి ఉంటాడు.

ఎవరో అడగబోతున్నారు, నాకు తెలుసు, ఏఐ ఉంది కదా అని. ఉంది. ఇందాక చెప్పిన జార్జియా టెక్‌లోనే 2016లో ప్రొఫెసర్ అశోక్ గోయల్ తన ఆన్‌లైన్ క్లాసులో జిల్ వాట్సన్ అనే పేరుతో ఒక సహాయకురాలిని పెట్టారు, విద్యార్థుల సందేహాలకి జవాబులిచ్చేది. అది ప్రోగ్రామ్ అని సెమిస్టర్ చివరిదాకా చాలామందికి తెలీదు. సెమిస్టర్‌కి వేలకొద్దీ ప్రశ్నలు వస్తాయి, అందులో చాలావరకు "అసైన్‌మెంట్ ఎన్ని పేజీలు, ఏ ఫార్మాట్" లాంటివే. అలాంటివాటికి యంత్రం జవాబు చెప్తే మంచిదే, అర్ధరాత్రి కూడా చెప్తుంది. కానీ అలా మిగిలిన టైముని ఆ నాలుగు వాక్యాలు రాయడానికి వాడండి. ఇంకో మూడు వందల మందిని చేర్చుకోడానికి కాదు.

పరీక్షల గురించి పెద్దగా చెప్పను, మధ్యాహ్నం దానికి వేరే సెషన్ ఉంది. ఒక్క మాట. ఐఐటీ మద్రాస్ 2020లో డేటా సైన్స్ డిగ్రీ ఆన్‌లైన్‌లో మొదలుపెట్టినప్పుడు పాఠం ఇంట్లో, అసలు పరీక్ష మాత్రం సెంటర్‌కి వచ్చి అని పెట్టుకుంది. అది ఇబ్బందే, కానీ దానివల్ల పట్టాకి విలువ నిలిచింది. అక్కడ ఇంకో సంగతి నాకు నచ్చింది. మధ్యలో ఆగిపోయినా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది, సర్టిఫికెట్, తర్వాత డిప్లొమా, తర్వాత డిగ్రీ. పనిచేసేవాడి బతుకులో ఆగడం తప్పు కాదు, బదిలీలు వస్తాయి, పురుళ్లు వస్తాయి, కంపెనీ మూతపడుతుంది. ఆగిన చోట ఒక అరుగు ఉండాలి కూర్చోడానికి. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల దాకా పూర్తిచేయొచ్చన్నది కూడా ఈ ఆలోచనే.

పట్టా విలువ అనగానే గుర్తొచ్చింది, ఆన్‌లైన్ డిగ్రీ, దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, 2022లో మళ్లీ స్పష్టం చేసింది. కాగితం మీద సమానమే. మరి మన స్టాఫ్ రూంలో? "రెగ్యులరా, డిస్టెన్సా?" అని మనం అడిగే గొంతు ఎలా ఉంటుందో ఎవరికి వాళ్లు ఒకసారి విని చూసుకోండి.

పని అనుభవం సంగతి కూడా చెప్పి ఆపేస్తాను. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎంపైర్ స్టేట్ కాలేజీ అని 1971లో పెట్టారు, పెద్దవాళ్ల కోసం. ఉద్యోగంలో నేర్చుకున్నది నిరూపిస్తే దానికి క్రెడిట్లు ఇస్తారు. పదిహేనేళ్లు లెక్కలు రాసిన మనిషికి జమాఖర్చుల మొదటి పేపర్ మళ్లీ ఎందుకు? మా లైన్‌మన్‌కి కరెంటు పాఠం చెప్పింది నేనే. మధ్యలో చేయి ఎత్తి, "సార్, బొమ్మలో ఎర్తింగ్ లేదు" అన్నాడు. నిజంగానే లేదు. మూడేళ్లుగా ఆ బొమ్మే చూపిస్తున్నాను, క్యాంపస్ పిల్లలు ఒక్కడూ అడగలేదు. వాళ్లెప్పుడూ స్తంభం ఎక్కలేదు మరి.

సరే, టైము అవుతోంది, టీ కోసం కొంతమంది తలుపు వైపు చూస్తున్నారు. ఇవాళ రాత్రికి మీకు ఒక పని. భోజనం అయ్యాక కాదు, పదకొండు దాటాక. మీ సొంత కోర్సులోకి, విద్యార్థి లాగిన్‌తో, మీ ఫోన్లోంచి వెళ్లండి. ల్యాప్‌టాప్ వద్దు, వైఫై ఆపేయండి. సరిగ్గా 21 నిమిషాలు చదవండి, ఆ నర్సు గారి సోమవారం అంత. 21 నిమిషాల్లో ఎక్కడిదాకా వెళ్లారు, ఎక్కడ పేజీ తెరుచుకోకుండా తిరుగుతూ ఉండిపోయింది, ఏ పీడీఎఫ్ వేళ్లతో పెద్దది చేసుకున్నా చదవరాలేదు, ఎన్నిసార్లు పాస్‌వర్డ్ అడిగింది, ఎన్నో నిమిషంలో మీకే కునుకు వచ్చింది, అన్నీ కాగితం మీద రాయండి. రేపు పదింటికి ఆ కాగితాలు పట్టుకుని రండి. పాఠాలు ఎలా రాయాలో ఆ కాగితాల దగ్గర్నుంచే మొదలుపెడదాం.